లాంచ్ రోలర్ కోస్టర్లు: రికార్డులు, విశ్వసనీయత, ఆదరణ

నిర్వచనం, పరిధి

రైలును గొలుసుతో మెల్లగా ఎత్తుకు లాక్కెళ్లి కిందికి వదలడం మామూలు రోలర్ కోస్టర్ పద్ధతి. అలా కాకుండా, నిలబడి ఉన్న రైలుకు యంత్రబలంతో కొన్ని సెకన్లలోనే వేగం అందించి, ఆ వేగంతోనే ఎత్తులు ఎక్కించే సవారీని లాంచ్ రోలర్ కోస్టర్ అంటారు. మామూలు కోస్టర్‌లో రైలు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత వేగం వస్తుంది. లాంచ్ కోస్టర్‌లో వేగం ముందు పుడుతుంది, ఎత్తు దాన్ని అనుసరిస్తుంది. ఈ తారుమారు వల్లే వేగం, ఎత్తు, త్వరణం రికార్డుల్లో ఎక్కువ భాగం గత పాతికేళ్లలో ఈ తరగతికి దక్కాయి. తరచుగా ఆగిపోతాయన్న పేరు వచ్చిందీ ఈ తరగతికే. రెండింటికీ మూలం ఒకటే: సవారీకి కావలసిన శక్తి మొత్తం ఒకే యంత్రం గుండా, కొన్ని సెకన్లలోనే ప్రవహించాలి.

రికార్డు సృష్టించిన లాంచ్ కోస్టర్ల యంత్రాంగం, వాటి పనితీరు, సందర్శకుల ఆదరణ ఈ వ్యాసం పరిధి. (గొలుసు లిఫ్టు కోస్టర్ల కోసం చూడండి: రోలర్ కోస్టర్, చెక్క కోస్టర్లు.)

చరిత్ర

ఆధునిక లాంచ్ కోస్టర్లు 1977లో మొదలయ్యాయి. జర్మన్ రూపకర్త ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ తయారుచేసిన 'షటిల్ లూప్' నమూనా ఆ ఏడాది అమెరికాలోని కింగ్స్ డొమినియన్ పార్కులో 'కింగ్ కోబ్రా' పేరుతో తెరుచుకుంది. బరువైన దిమ్మెను ఒక బురుజులో కిందికి జారవిడిస్తే, దానికి కట్టిన తాడు రైలును ముందుకు లాగేది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో వచ్చిన 'మాంటెజూమాస్ రివెంజ్'లో దిమ్మె స్థానాన్ని తిరిగే ఫ్లైవీల్ ఆక్రమించింది.

విద్యుదయస్కాంత శకం 1996లో ఆరంభమైంది. ప్రీమియర్ రైడ్స్ సంస్థ సరళ ప్రేరణ మోటారుతో నడిచే 'ఫ్లైట్ ఆఫ్ ఫియర్' కోస్టర్లను కింగ్స్ ఐలండ్, కింగ్స్ డొమినియన్ పార్కులలో నెలకొల్పింది. 1997 జనవరిలో ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో 'టవర్ ఆఫ్ టెర్రర్', మార్చిలో కాలిఫోర్నియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో 'సూపర్‌మ్యాన్: ది ఎస్కేప్' తెరుచుకున్నాయి. రెండింటినీ స్విట్జర్లాండుకు చెందిన ఇంటమిన్ సంస్థ నిర్మించింది. రెండింటికీ ప్రకటిత వేగం గంటకు 161 కి.మీ., అంటే గంటకు వంద మైళ్లు. సూపర్‌మ్యాన్ 1996లోనే తెరుచుకోవలసింది, సాంకేతిక ఇబ్బందుల వల్ల ఆలస్యమైంది. రికార్డు కోస్టర్ల ప్రారంభోత్సవాలు వాయిదా పడటం తర్వాతి కాలంలోనూ చాలాసార్లు జరిగింది.

2001 డిసెంబరులో జపాన్‌లోని ఫుజీ-క్యూ హైలండ్‌లో ఎస్ అండ్ ఎస్ సంస్థ సంపీడిత వాయువుతో నడిచే 'డోడోన్పా'ను తెరిచింది. 1.8 సెకన్లలో గంటకు 172 కి.మీ. అందుకుని ఇది ప్రపంచ వేగ రికార్డు సాధించింది. 2002లో ఇంటమిన్ హైడ్రాలిక్ పద్ధతి నాట్స్ బెర్రీ ఫార్మ్‌లోని 'ఎక్సెలరేటర్'తో రంగప్రవేశం చేసింది. దాని ఎత్తు 62 మీటర్లు.

ఆ పద్ధతినే పెద్దది చేసి ఒహాయో రాష్ట్రం సాండస్కీలోని సెడార్ పాయింట్ 2003 మే 4న 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్'ను ప్రారంభించింది. దాని ఎత్తు 128 మీటర్లు, వేగం గంటకు 193 కి.మీ. నాలుగు వందల అడుగులు దాటిన మొదటి పూర్తి వలయపు కోస్టర్ ఇదే. అప్పటి నుంచి ఈ ఎత్తు తరగతిని 'స్ట్రాటా కోస్టర్' అంటున్నారు. రెండేళ్లకే, 2005 మే 21న, న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో 'కింగ్డా కా' 139 మీటర్ల ఎత్తుతో, గంటకు 206 కి.మీ. వేగంతో రెండు రికార్డులనూ లాగేసుకుంది. వేగ రికార్డు 2010 నవంబరులో అబుదాబిలోని ఫెరారీ వరల్డ్‌కు వెళ్లింది. అక్కడి 'ఫార్ములా రోసా' 4.9 సెకన్లలో గంటకు 240 కి.మీ. అందుకుంటుంది. ఎడారి ఇసుక, పురుగులు కళ్లలో పడకుండా ప్రయాణికులకు కళ్లద్దాలు ఇస్తారు.

ఆ రికార్డు పదిహేనేళ్లు నిలిచింది. సౌదీ అరేబియాలోని సిక్స్ ఫ్లాగ్స్ ఖిద్దియా సిటీలో 2025 డిసెంబరు 31న పార్కుతో పాటు తెరుచుకున్న 'ఫాల్కన్స్ ఫ్లైట్' గంటకు 250 కి.మీ. వేగానికి రూపొందింది. దీని పొడవు 4 కి.మీ.కు పైగా, నిర్మాణపు ఎత్తు 160 మీటర్లకు పైగా ఉంటాయి. ఇది కూడా ఇంటమిన్ నిర్మాణమే. అయితే కింగ్డా కా, ఫార్ములా రోసాల హైడ్రాలిక్ పద్ధతిని వదిలి అయస్కాంత మోటార్లతో నడుస్తుంది.

లాంచ్ పద్ధతులు

హైడ్రాలిక్ పద్ధతి. నూనెను పంపులతో ఒత్తి, సిలిండర్లలోని నత్రజని వాయువును బిగించి ఉంచుతారు. ఆజ్ఞ అందగానే నత్రజని వ్యాకోచించి నూనెను హైడ్రాలిక్ మోటార్లలోకి తోస్తుంది. ఆ మోటార్లు ఒక పెద్ద డ్రమ్మును తిప్పుతాయి. డ్రమ్ముకు చుట్టుకునే ఉక్కు తాడు, ట్రాక్ నడిమి గాడిలో ఉన్న లాగుడు బండిని ఈడుస్తుంది. రైలు ఆ బండికి తగులుకుని ఉంటుంది, వేగం అందాక విడిపోతుంది. బండి వేరే బ్రేకులతో ఆగి, తర్వాతి రైలు కోసం వెనక్కి వస్తుంది. కింగ్డా కా మోటార్ల గరిష్ఠ సామర్థ్యం 20,800 అశ్వశక్తి అని ప్రకటించారు.

ఇక్కడ శక్తికీ సామర్థ్యానికీ ఉన్న తేడా గమనించాలి. పది టన్నుల రైలుకు గంటకు 206 కి.మీ. వేగం ఇవ్వడానికి కావలసిన శక్తి సుమారు 16 మెగాజౌళ్లు. ఇంటి మీటరు లెక్కలో ఇది నాలుగున్నర యూనిట్ల కరెంటుకు మించదు. దాన్ని మూడున్నర సెకన్లలో ఇవ్వాల్సి రావడమే కష్టం. అప్పుడు సగటు సామర్థ్యమే సుమారు 4.7 మెగావాట్లు అవుతుంది, చివరి క్షణాల్లో దానికి రెట్టింపు దాకా వెళ్తుంది. నూనె, తాడు, డ్రమ్ము, బ్రేకులు ఈ తాకిడిని రోజుకు కొన్ని వందలసార్లు భరించాలి.

సంపీడిత వాయు పద్ధతి. గాలిని పెద్ద ట్యాంకుల్లో బిగించి ఒక్కసారిగా వదులుతారు. త్వరణంలో దీనికి సాటి లేదు. డోడోన్పాను 2017లో 'డో-డోడోన్పా'గా మార్చాక ఆ కోస్టర్ 1.56 సెకన్లలో గంటకు 180 కి.మీ. అందుకునేది. సగటు త్వరణం లెక్క కడితే గురుత్వ త్వరణానికి మూడు రెట్లకు పైన తేలుతుంది. కింగ్డా కాకు ఇదే లెక్క 1.7 రెట్లు, ఫార్ములా రోసాకు 1.4 రెట్లు మాత్రమే.

అయస్కాంత పద్ధతులు. సరళ ప్రేరణ మోటారులో రైలుకు లోహపు రెక్క ఉంటుంది. ట్రాక్‌లోని తీగచుట్టలు దానిలో విద్యుత్తును ప్రేరేపించి ముందుకు తోస్తాయి. సరళ సమకాలిక మోటారులో రైలుకు శాశ్వత అయస్కాంతాలు అమర్చుతారు. రైలు ఏ క్షణాన ఎక్కడ ఉందో సెన్సర్లు కచ్చితంగా చెప్పాలి, తీగచుట్టలు ఆ స్థానానికి సరిపడా మారుతూ దాన్ని లాగుతాయి. రెండో పద్ధతి విద్యుత్తును మెరుగ్గా వాడుకుంటుంది, వేడి తక్కువ పుడుతుంది. తోసే భాగానికీ తోయబడే భాగానికీ తాకిడి లేకపోవడం రెండింటికీ ఉన్న పెద్ద లాభం. (చూడండి: సరళ విద్యుత్ మోటారు, విమానవాహక నౌకల విద్యుదయస్కాంత కెటపల్ట్.)

టైర్ల పద్ధతి. వరసగా అమర్చిన చక్రాలు రైలు అడుగును పట్టి తోస్తాయి. ఫ్లోరిడాలోని 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' కోస్టర్ 1999లో ఈ విధంగా వచ్చింది. ప్రతి లాంచ్‌కూ ఒక్కసారిగా పడే విద్యుత్ భారాన్ని ఫ్లైవీల్ జనరేటర్లలో ముందుగా నిల్వచేసిన శక్తి మోస్తుంది. అవి లేకుంటే పార్కు ప్రత్యేకంగా సబ్‌స్టేషన్ కట్టుకోవలసి వచ్చేది.

రోల్‌బ్యాక్

లాంచ్ వేగం కాస్త తగ్గితే రైలు శిఖరం దాటలేక వెనక్కి జారుతుంది. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. గాలి, ఘర్షణ లేవనుకుంటే గంటకు 193 కి.మీ. వేగం రైలును 146 మీటర్ల దాకా తీసుకెళ్లగలదు. టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ శిఖరం 128 మీటర్లు. మధ్యలో మిగిలిన 18 మీటర్ల లెక్కలోనే ఎదురుగాలి, చలికి గట్టిపడిన గ్రీజు, చక్రాల ఘర్షణ, ప్రయాణికుల బరువు అన్నీ సర్దుకోవాలి. మరీ ఎక్కువ వేగం ఇస్తే శిఖరం మీద ప్రయాణికులు సీట్ల నుంచి అతిగా పైకి లేస్తారు కాబట్టి వెసులుబాటును ఇష్టం వచ్చినట్టు పెంచడానికీ వీల్లేదు.

రోల్‌బ్యాక్ ప్రమాదం కాదు, రూపకల్పనలో ముందే ఊహించిన పరిణామం. రైలు దాటిన వెంటనే లాంచ్ ట్రాక్ పొడవునా బ్రేకు రెక్కలు పైకి లేస్తాయి. వెనక్కి వచ్చే రైలును ఎడ్డీ ప్రవాహాల (అయస్కాంతం దగ్గర కదిలే లోహంలో పుట్టే సుడి విద్యుత్తు) బలం నెమ్మదింపజేస్తుంది. ఈ బ్రేకు పనిచేయడానికి బయటి నుంచి విద్యుత్తు అందవలసిన అవసరం లేదు. రోల్‌బ్యాక్ తగలాలని కోరుకుంటూ మళ్లీ మళ్లీ ఎక్కిన అభిమానులు సెడార్ పాయింట్‌లో తక్కువేమీ కాదు. యంత్రం తడబాటు కూడా ఆకర్షణగా మారిన అరుదైన సందర్భం ఇది.

విశ్వసనీయత

విశ్వసనీయతనూ భద్రతనూ ఒకటిగా చూడకూడదు. సెన్సరు రీడింగులో చిన్న తేడా వచ్చినా నియంత్రణ కంప్యూటర్ లాంచ్‌ను అనుమతించదు. క్యూలో ఉన్నవారికి అది మొరాయింపు, ఇంజనీరుకు అది వ్యవస్థ సరిగా పనిచేస్తోందనడానికి రుజువు. అందువల్ల ఎక్కువసార్లు ఆగే కోస్టర్ ఎక్కువ ప్రమాదకరమని తేల్చడం తప్పు. లాంచ్ త్వరణాలకు, సీటు పట్టీలకు అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్2291, ఐరోపాలో ఈఎన్ 13814 ప్రమాణాలు వర్తిస్తాయి. (చూడండి: వినోద సవారీల భద్రతా ప్రమాణాలు.)

హైడ్రాలిక్ కోస్టర్ల బలహీనత ఉక్కు తాడు. అది అరిగిపోయే భాగం, నిర్ణీత కాలానికి మార్చి తీరాలి. 2004 జులైలో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ లాంచ్ సమయంలో తాడు నుంచి రాలిన లోహపు తునకలు తగిలి నలుగురు గాయపడ్డారు. 2009 సెప్టెంబరులో ఎక్సెలరేటర్ తాడు లాంచ్ మధ్యలో తెగి ఇద్దరికి గాయాలయ్యాయి. తాడు తెగితే రెండో దారి లేదు, కోస్టర్ మొత్తం ఆగిపోతుంది. అయస్కాంత లాంచ్‌లో తీగచుట్టలు వరసగా విడివిడి భాగాలుగా ఉంటాయి. వాటిలో ఒకటి పాడైతే దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. రెండు తరాల మధ్య అసలు తేడా ఇదేనని చెప్పవచ్చు.

కింగ్డా కా చరిత్రే ఈ తరగతి సమస్యలన్నిటికీ మంచి ఉదాహరణ. తెరిచిన మూడు వారాల్లోపే, 2005 జూన్ 8న, తాడు నడిచే గాడిలో ఒక బోల్టు విరిగి తాడును, ఇతర భాగాలను దెబ్బతీసింది. తిరిగి తెరవడానికి ఆగస్టు 4 దాకా పట్టింది. 2009 మేలో పిడుగు పడి ఆగస్టు దాకా మూతపడింది. 2011 ఆగస్టు చివర, ఐరీన్ తుపాను రాకకు కాస్త ముందు, జరిగిన నష్టంతో మిగిలిన సీజన్ అంతా నడవక 2012 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఇవి పెద్ద ఆటంకాలు మాత్రమే. వానకు, బలమైన గాలికి ఆపే గంటలు వీటికి అదనం. గంటకు సుమారు 1,400 మందిని మోయగలదన్న లెక్క కాగితం మీద ఉన్నా, ఏ ఒక్క ఆటంకం వచ్చినా అది కుదిరేది కాదు.

2021 ఆగస్టు 15న టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ రైలు నుంచి ఊడిన లోహపు పలక తగిలి క్యూలో నిలబడిన మహిళ తీవ్రంగా గాయపడింది. ఒహాయోలో సవారీల తనిఖీ బాధ్యత రాష్ట్ర వ్యవసాయ శాఖది. ఆ శాఖ దర్యాప్తు చేసి, పార్కు చట్టాన్ని ఉల్లంఘించినట్టు ఆధారాలు లేవని 2022లో తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో పాత రూపాన్ని విరమిస్తున్నట్టు పార్కు ప్రకటించింది. 19 సీజన్లలో 1 కోటి 80 లక్షల మంది ఎక్కారని ఆ ప్రకటనలో ఉంది. ఎన్ని సమస్యలున్నా ఇంతమంది ఎక్కగలిగారంటే, తరచూ ఆగిందన్న ఒక్క మాటతో ఆ యంత్రాన్ని కొట్టిపారేయలేం.

ఇటలీకి చెందిన జాంపెర్లా సంస్థ హైడ్రాలిక్ యంత్రాన్ని తీసేసి, అయస్కాంత లాంచ్‌తో, అదనంగా మరో 128 మీటర్ల నిలువు స్తంభంతో 'టాప్ థ్రిల్ 2'ను సిద్ధం చేసింది. రైలు ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు మూడు విడతలుగా వేగం పుంజుకుంటుంది. ఒకే తోపులో సాధించాల్సిన పనిని మూడుగా పంచడం వల్ల ఒక్కో లాంచ్ మీద భారం తగ్గింది. 2024 మే 4న తెరిచిన ఈ కోస్టర్ వారం దాటగానే మూతపడి, ఆ సీజన్‌లో మళ్లీ నడవలేదు. తయారీదారు రైళ్లలో మార్పులు చేశాక 2025 మేలో తెరుచుకుంది. లాంచ్ పద్ధతి మారినంత మాత్రాన విశ్వసనీయత దానంతటది రాదనడానికి ఇది నిదర్శనం. అంత వేగంలో రైలు, చక్రాలు, ఇరుసులు కూడా లాంచ్ యంత్రమంత కఠిన పరీక్షను ఎదుర్కొంటాయి.

వాయు పద్ధతికి ఎదురైన దెబ్బ వేరే తరహాది. డో-డోడోన్పా ఎక్కిన పలువురు తమ ఎముకలు విరిగాయని ఫిర్యాదు చేయడంతో 2021 ఆగస్టులో దాన్ని ఆపేశారు. 2024లో శాశ్వతంగా మూసివేస్తున్నట్టు ప్రకటించారు. దాన్ని కట్టిన ఎస్ అండ్ ఎస్ సంస్థే జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో గంటకు 217 కి.మీ. లక్ష్యంతో కట్టిన 'రింగ్ రేసర్'ది మరీ విచారకరమైన కథ. 2009లో పరీక్షల సమయంలో వాయు వ్యవస్థలో పేలుడు జరిగింది. నాలుగేళ్ల తర్వాత 2013 అక్టోబరు 31న తెరిచి, నాలుగు రోజులకే మూసేశారు.

ఆదరణ

రికార్డు కోస్టర్ల ఆదరణను రెండు రకాలుగా కొలుస్తారు. ఒకటి క్యూల పొడవు, పార్కుకు వచ్చే పేరు. రెండోది అనుభవజ్ఞులైన అభిమానుల ఓట్లు. ఈ రెండూ ఎప్పుడూ ఏకీభవించవు.

మొదటి కొలతలో రికార్డుకు తిరుగులేదు. టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ సవారీ లాంచ్ నుంచి బ్రేకుల దాకా 17 సెకన్లే. దానికోసం జనం గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. 'ప్రపంచంలోకెల్లా ఎత్తైనది' అన్న మాట ఒక్కటే దూర రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి సందర్శకులను రప్పించగలిగింది. 2025లో జరిగిన కింగ్డా కా కూల్చివేత సైతం అంతర్జాతీయ వార్త అయింది.

రెండో కొలతలో పరిస్థితి మారుతుంది. 'అమ్యూజ్‌మెంట్ టుడే' పత్రిక 1998 నుంచి ఇస్తున్న గోల్డెన్ టికెట్ పురస్కారాల్లో, 2000ల దశకంలో ఉత్తమ ఉక్కు కోస్టర్ స్థానాన్ని ఎక్కువగా పంచుకున్నవి సెడార్ పాయింట్‌లోని 'మిలీనియం ఫోర్స్', సిక్స్ ఫ్లాగ్స్ న్యూ ఇంగ్లండ్‌లోని 'సూపర్‌మ్యాన్'. రెండూ లిఫ్టు కోస్టర్లు. ఒకే పార్కులో ఎత్తైన, వేగవంతమైన పొరుగు కోస్టర్ ఉండగా కూడా మిలీనియం ఫోర్స్ ముందుండటం గమనార్హం. కారణాలు ఊహించదగ్గవే. రెండు నిమిషాలకు పైగా సాగే ప్రయాణం, అడ్డంకి లేకుండా కదిలే క్యూ, మలుపుల వైవిధ్యం ఒక్క శిఖరం ఇవ్వలేనివి.

తర్వాతి తరం లాంచ్ కోస్టర్లు ఈ పాఠాన్ని రూపకల్పనలోకి తెచ్చాయి. జర్మనీలోని ఫాంటాసియాలాండ్‌లో 2016లో వచ్చిన 'టారోన్' వేగం గంటకు 117 కి.మీ., ఫ్లోరిడాలోని 'వెలొసికోస్టర్' (2021) వేగం గంటకు 113 కి.మీ. ప్రపంచ వేగ రికార్డుకు ఇవి చాలా దూరం. అయినా అభిమానుల జాబితాల్లో పై వరుసలో నిలుస్తున్నాయి. ఒకటికి మించిన లాంచ్‌లు, మలుపుల మధ్యలో మళ్లీ వేగం, కథా నేపథ్యంతో కూడిన అలంకరణ వీటి బలం. స్పెయిన్‌లోని ఫెరారీ ల్యాండ్‌లో 2017 ఏప్రిల్‌లో తెరుచుకున్న 'రెడ్ ఫోర్స్' మధ్యేమార్గం. 112 మీటర్ల ఎత్తుతో ఐరోపాలో ఎత్తైన కోస్టర్‌గా నిలిచిన ఇది గంటకు 180 కి.మీ. వేగాన్ని 5 సెకన్లు తీసుకుని అందుకుంటుంది. అంటే సగటు త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు సమానం. డో-డోడోన్పా అదే వేగానికి తీసుకున్న సమయం ఇందులో మూడో వంతు కన్నా తక్కువ.

ప్రాముఖ్యం, ప్రస్తుత స్థితి

హైడ్రాలిక్ తరం దాదాపు ఒక దశాబ్దంలో పుట్టి, పెరిగి, ఆగింది. ఆ పద్ధతి లేకుంటే నాలుగు వందల అడుగులు దాటే పూర్తి వలయపు కోస్టర్ 2003లో సాధ్యమయ్యేది కాకపోవచ్చు. అప్పటి అయస్కాంత మోటార్లు, వాటి నియంత్రణ పరికరాలు ఆ బరువును ఆ వేగానికి అంత చవకగా అందించగల స్థితిలో లేవు. అయితే తాడు మార్పిడి, నూనె, పంపుల నిర్వహణ ఏటా పెరిగే ఖర్చులు. పాతబడే కొద్దీ విడిభాగాలు దొరకడమూ కష్టమే. రికార్డు చేజారాక ఆ ఖర్చును సమర్థించుకోవడం పార్కులకు కష్టమవుతుంది. కోస్టర్ల విరమణకు ఇంజనీరింగ్ లోపాలు ఎంత కారణమో ఈ లెక్కా అంతే కారణం.

టవర్ ఆఫ్ టెర్రర్ 2019లో మూతపడింది. మ్యాజిక్ మౌంటెన్‌లోని సూపర్‌మ్యాన్ 2024లో ఆగిపోయి మళ్లీ నడవలేదు. కింగ్డా కా చివరిసారి 2024 నవంబరు 10న నడిచింది, 2025 ఫిబ్రవరి 28న దాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. గంటకు 160 కి.మీ. దాటేలా 2015కు ముందు తెరుచుకున్న లాంచ్ కోస్టర్లలో తొలి యంత్రంతోనే ఇప్పటికీ నడుస్తున్నది ఫార్ములా రోసా ఒక్కటే.